వాగు దాటడానికి ఎత్తిన బండి

కామారెడ్డి కొత్త జిల్లాగా ఏర్పడిన కొన్నేళ్లకు, ఒక జూన్ నెల బదిలీల్లో నన్ను మోటారు వాహనాల తనిఖీ అధికారిగా అక్కడికి పంపారు. మా కొలువులో పైన జిల్లా రవాణా అధికారి, కింద సహాయ తనిఖీ అధికారులు, మధ్యలో మేము. కాగితాల మీద ఎంవీఐ అని రాస్తారు గానీ, ఊళ్లలో మాకు పాతకాలం నుంచి ఉన్న పేరు ‘బ్రేక్ ఇన్‌స్పెక్టర్’. నా సర్వీసంతా బ్రేకులతో పాటు హారన్లు, లైట్లు, టైర్లు, కమాన్ పట్టీలు, పొగగొట్టాలు అన్నీ చూశాను. పేరులో మాత్రం బ్రేకులకే చోటు దొరికింది.

పిల్లల చదువుల కోసం కుటుంబం హనుమకొండలో ఉండిపోయింది. నేను రైల్వే స్టేషన్ వెనక వీధిలో మేడమీద ఒక గది తీసుకున్నాను. కొత్త ఊళ్లో ఎవరితోనైనా కలవాలంటే మా ఉద్యోగం అడ్డం. చాయ్ తాగుదామని హోటల్లోకి వెళ్తే లారీల వాళ్లు లేచి నిలబడేవారు, అప్పటిదాకా సాగుతున్న కబుర్లు ఆగిపోయేవి. ఎవరైనా నా చాయ్‌కి డబ్బులిస్తామంటే, రేపు ఆయన బండి నా ముందుకే వస్తుంది కాబట్టి నేనే ఒప్పుకునేవాణ్ణి కాదు. కొన్నాళ్లకు ఫ్లాస్కు కొనుక్కుని చాయ్ గదిలోనే పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. దాచుకోవడం ఎందుకు, ఆ కామారెడ్డి రోజులు నాకు చాలా ఒంటరిగా గడిచాయి. ఆఫీసులో పొద్దంతా జనమే. కానీ వాళ్లెవరూ నాతో బండి గురించి తప్ప మరో మాట మాట్లాడేవాళ్లు కారు.

సాయిలు నాకు ఎదురుపడింది ఆ ఆగస్టులో, ఒక ఫిట్‌నెస్ రోజున. కిరాయికి సరుకు మోసే ప్రతి బండీ గడువు తీరేలోపు మా ముందుకొచ్చి, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందన్న ధ్రువపత్రం తీసుకోవాలి. దాన్నే అందరూ ఫిట్‌నెస్ అంటారు. ఆటోలు, డీసీఎంలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య ఒక ఫోర్ వీల్ డ్రైవ్ పికప్, మిగతా వాటికంటే తలెత్తుకుని నిలబడింది. టైర్లు మడ్‌గార్డులు దాటి బయటికి పొడుచుకొచ్చాయి. తలుపు తీసి నడిపే మనిషి కిందికి దిగలేదు, దూకాడు.

నలభై దాటిన మనిషి. మా జిల్లాలోనే ఉన్న ఎల్లారెడ్డి వాడు. సౌదీలో చాలా ఏళ్లు, ఊరికి దూరంగా ఎడారిలో ఉన్న ఒక తోటకు నీళ్లు, ఒంటెలకు దాణా చేరవేసే పికప్ నడిపి వచ్చాడు. తోటలో అతనూ, ఒంటెలూ, ఆ బండీ. వారానికోసారి యజమాని వచ్చి లెక్క చూసుకుని పోయేవాడట. ఈ వివరాలన్నీ నేను అడిగితేనే చెప్పాడు, అదీ ఒక్కో ముక్కగా.

టైరు పక్క గోడ మీద అంకెలుంటాయి. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. చివరిది రిమ్ము కొలత, అంగుళాల్లో. కంపెనీ ఆ మోడల్‌కు చెప్పిన వెడల్పు రెండు వందల ముప్పై అయిదు. ఇతను వేసింది రెండు వందల ఎనభై అయిదు. ఆ లావు టైరు లోపల పట్టదు కాబట్టి బండిని కూడా పైకి లేపించాడు. వెనక ఇరుసుకూ, బండి బరువు మోసే ఉక్కు కమాన్ పట్టీలకూ మధ్య ఇనుప దిమ్మలు పెట్టించాడు, ముందు స్ప్రింగుల మీద బిళ్లలు వేయించాడు. భిక్నూర్ దగ్గర హైవే పక్కన ఒక షెడ్డులో చేశారట.

నేను బండి అడుగు చూసే తనిఖీ గొయ్యిలోకి దిగి చూశాను. బండిని లేపారు గానీ బ్రేకు పైపులు పాతవే. చక్రం గుంతలోకి జారితే పైపు బిగుసుకుని తెగుతుంది. ఇంజను బలాన్ని వెనక్కి తీసుకెళ్లే షాఫ్టు ఉండాల్సిన దానికంటే వాలుగా తిరుగుతోంది, దాని జాయింట్లు ఎక్కువ కాలం ఉండవు. హెడ్‌లైట్లు ఎదుటి వాళ్ల కళ్లలోకి కొడుతున్నాయి. టైరు చుట్టుకొలత పెరిగింది కాబట్టి మీటరు చూపించే వేగం కంటే బండి ఎక్కువ వేగంతో పోతోంది. పరీక్ష ట్రాక్ మీద మలుపు తిప్పమంటే ఒక పక్క చక్రాలు లేస్తాయేమో అన్నంతగా ఒరిగింది. సాయిలు మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు.

ఇంత పెద్దవి ఎందుకు వేశావని అడిగాను.

“వాగు దాటాలె సార్” అన్నాడు.

ఎల్లారెడ్డి అవతల, మంజీర దిక్కు పోయే ఒక వాగుకు ఆవలి ఒడ్డున అతని పొలం ఉంది. తిరిగొచ్చాక అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. భార్య భూలక్ష్మి మాత్రం ఎల్లారెడ్డిలో పాత ఇంట్లోనే ఉంది. వానాకాలం వాగొస్తే తొవ్వ బందవుతుందని, తాను అక్కడ చిక్కుకుపోతానని అన్నదట.

“ఇన్నేండ్లు నేను ఒక్కన్నే వండుకోని తిన్న సార్. ఇంటికొచ్చినంక గూడ ఒక్కన్నేనా? గీ బండి వాగు దాటిందనుకో, ఇగ ఆమె ఏం సాకు చెప్తది?”

ఆ మాట వినగానే నా పేనా ఆగింది. ఒకడు పొగరుతో బండిని ఎత్తితే తిరస్కరించడం తేలిక. భార్య కోసం ఎత్తినవాణ్ణి తిరస్కరించాలంటే మనసు పీకుతుంది. అయినా తెగిపోయే బ్రేకు పైపుకు అవన్నీ పట్టవు. ఫిట్‌నెస్ ఇవ్వనని చెప్పాను.

అసలు సంగతేమిటంటే, ఆ టైర్లు అతనికి వాగు దగ్గర కూడా పనికి రాలేదు. గుచ్చి గుచ్చి అడిగితే ఒప్పుకున్నాడు. అప్పటికే ఒడ్డు దగ్గర రెండుసార్లు దిగబడితే, దమ్ము చేసే ట్రాక్టరు ఇనుప చక్రాలతో వచ్చి బయటికి లాగిందట. ట్రాక్టరాయన నవ్వి, సౌదీ బండి ఒంటెల కోసం వెతుకుతున్నట్టుందని ఎకసెక్కం ఆడాడట.

ఎడారిలో నడిపి వచ్చిన చాలామంది చేసే పొరపాటే ఇతనూ చేశాడు. ఇసుక అడుగున గట్టి నేల ఉండదు. అందుకని అక్కడ లావు టైరు వేసి, గాలి సగం తీసేసి, ఒంటె పాదంలా పరుచుకునేలా చేస్తారు. బండి ఇసుక మీద తేలుతూ పోతుంది. మన నల్లరేగడి బురద అలా కాదు. దానికి అడుగుంటుంది. లావు టైరు పైన పైన జారుతూ, గాడుల్లో బంకమట్టి నింపుకుని నున్నగా తయారవుతుంది. అక్కడ కావాల్సింది సన్నగా, ఎత్తుగా, గాడులు దూరదూరంగా ఉన్న టైరు. అది బురదను కోసుకుంటూ దిగి అడుగున ఉన్న గట్టి నేలను పట్టుకుంటుంది. ఇంకో సంగతి కూడా చెప్పాను. దిమ్మలు పెడితే పైకి లేచేది బండి తొట్టె మాత్రమే. రాళ్లకు తగిలేది ఇరుసు మధ్య ఉబ్బుగా ఉండే గుండు, అది ఉన్నచోటే ఉంటుంది. దాన్ని పైకి లేపేది టైరు ఎత్తు ఒక్కటే, అదీ పెరిగిన దాంట్లో సగం.

అతను టైరు గాడుల్లో ఎండిన మట్టిని గోటితో గీకాడు. “ఇసుక లెక్కనే అనుకున్న సార్” అన్నాడు.

ఆర్‌సీ తిరగేస్తే యజమాని పేరు భూలక్ష్మి అని ఉంది. అతను ఇంకా సౌదీలో ఉండగానే బావమరిది చేత కొనిపించిన బండి. తిరస్కరణ కాగితం యజమాని చేతికే ఇవ్వాలన్నది నా పట్టుదల. నడిపేవాడి చేతికిస్తే అది సీటు కింద పడి చెమ్మ పడుతుంది, లోపం లోపంలాగే ఉండిపోతుంది. ఆమెను తీసుకుని రమ్మన్నాను.

రెండు రోజులకు ఇద్దరూ వచ్చారు, విడివిడిగా. అతను బండిలో, ఆమె బస్సులో. అదేంటమ్మా, బండి ఉండగా బస్సెందుకని అడిగాను.

“దాంట్ల ఎట్ల ఎక్కుత సార్? చీర కట్టుకోని గంత ఎత్తు కాలు లేపాలంటే అయితదా? ఎత్తు చేయించినప్పటి సంది ఒక్కపారి సుత ఎక్కలే” అన్నది.

ఈ దిమ్మలు తీసేస్తాడమ్మా, సరైన టైర్లు వేస్తే వాగు కూడా దాటుతుంది, అప్పుడు పొలం ఇంటికి వెళ్లవచ్చు అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. నేను వాగు గురించి అంత నమ్మకంగా మాట్లాడటం ఆమెకు వింతగా తోచి ఉంటుంది.

“వాగుదేముంది సార్. వస్తది, నాలుగు దినాలకు దిగుతది. వాగు అని ఒక మాటకు అన్న. నాకు వాగుతోని భయం లేదు. గా పొలం ఇంట్ల మాట్లాడెతందుకు మనిషి లేడు. మా వాడకట్టు ఆడోళ్లందరం ఒక్క దగ్గర కూసోని బీడీలు చేస్తం. ఈయన సౌదీ పోయినప్పటి సంది గా ముచ్చట్లతోనే బతికిన. జరమొస్తే వాళ్లే చూసిండ్రు. ఇప్పుడు వాళ్లను ఇడిశిపెట్టి పొలంల కూసోమంటె ఎట్ల?”

“నేనుంట గద” అన్నాడు సాయిలు.

“నువ్వు మాట్లాడవు గద” అన్నది ఆమె. గొంతులో కోపం లేదు, దెప్పిపొడుపు కూడా లేదు. “వచ్చి ఏడాదాయె. గీ బండి ముచ్చట తప్ప నాతోని ఏం ముచ్చట పెట్టినవు, నువ్వే చెప్పు.”

మా సహాయ అధికారి వచ్చి తలుపు దగ్గర నిలబడి, మళ్లీ వెనక్కి వెళ్లిపోయాడు. సాయిలు కిటికీలోంచి బయట ఉన్న బండిని చూస్తున్నాడు. అప్పుడు నావైపు తిరిగాడు.

“అయితే సార్, టైర్లు ఏం సైజు ఏసుకోమంటరు?”

నాకు ముందు ఒళ్లు మండింది. ఆమె అంత మాట అంటే ఈ మనిషి అడగాల్సింది ఇదా? మరుక్షణం జాలి వేసింది. అతనికి తెలిసిన భాష అదొక్కటే. ఒంటెలతో, ఇంజనుతో గడిపినవాడికి మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు, తెలిసిన చోట పట్టుకున్నాడు. ఆ గదిలో నాకు మాత్రం ఇంకేం తెలుసు? కంపెనీ ఆ మోడల్‌కు ఒప్పుకున్న సైజుల్లో సన్నదేదో చెప్పాను. దిమ్మలు తీయించి బండిని పాత ఎత్తుకే తెమ్మన్నాను. భూలక్ష్మి కాగితం అందుకుని సంతకం పెట్టి, బస్సు వేళయిందని లేచింది. వెళ్తూ వెళ్తూ అతను తిన్నాడో లేదో అడిగింది. తిన్నానని అతను తల ఊపాడు.

వారం తిరక్కుండా అన్నీ సరిచేసుకుని వచ్చాడు. దిమ్మలు పోయాయి, సన్నటి టైర్లు వచ్చాయి, లైట్లు కిందికి దిగాయి. ట్రాక్ మీద బండి బుద్ధిగా మలుపు తిరిగింది. ఫిట్‌నెస్ ఇచ్చాను.

సెప్టెంబరులో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం ఆఫీసు ఫోనుకు సాయిలు ఫోన్ చేశాడు. వెనకాల నీళ్ల హోరు వినిపిస్తోంది.

“దాటిన సార్! మీరు చెప్పినట్టే, అడుగు వట్టుకోని దాటింది. జర సుత జారలే!”

అంత ఉత్సాహంగా అతను మాట్లాడటం నేను విననే లేదు. నాకూ సంతోషం వేసింది. పారే వాగులోకి బండి దింపినందుకు నాలుగు చీవాట్లు పెట్టి, ఆ తర్వాత అడిగాను, బండిలో ఎవరెవరున్నారని.



“నేనొక్కన్నే సార్” అన్నాడు.

మరుసటి ఫిట్‌నెస్‌కు వచ్చినప్పుడు బండి ఉన్నదున్నట్టే ఉంది, ఏ లోపమూ లేదు. పొలంలో ఇల్లు ఏం చేశావంటే, వడ్ల బస్తాలు, ఎరువులు పెట్టుకున్నానన్నాడు. పొద్దుగూకేసరికి ఎల్లారెడ్డి చేరుకుంటున్నాడట. మరి ఇంటికి చేరుకున్నట్టే కదా అన్నాను.

“చేరుకున్న సార్. కని ఆడోళ్లు మా ఇంట్ల కూసోని బీడీలు చేసుకుంట ముచ్చట వెట్టుకుంటరు. నేను లోపలికి పోతే అందరు సప్పుడు జేయరు. అందుకే గాళ్లు లేచిపోయేదాంక బయట బండ్లనే కూసుంట.”

ఆమె ఏమంటుందని అడిగాను. అప్పుడప్పుడు చాయ్ బండి దగ్గరికే తెచ్చిస్తుందట. ఎక్కి కూర్చుంటుందా అని అడగాలనిపించింది, అడగలేదు. వెనక ఇంకో బండి హారన్ కొట్టింది. అతను స్టీరింగు తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాకు బదిలీ అయింది.

ఇప్పటికీ ఎవరో ఒకరు నా దగ్గరికి వచ్చి, పెద్ద టైర్లు వేయాలి, బండి ఎత్తు పెంచాలి, ఏం సైజు మంచిదని అడుగుతుంటారు. ఏ నేల మీద తిరుగుతుంది, ఎంత బరువు మోస్తుంది, కంపెనీ ఎంతవరకు ఒప్పుకుంటుంది అని నేను తిరిగి అడుగుతాను. ఇవి ఉద్యోగంలో చేరినప్పుడే నేర్పించిన ప్రశ్నలు. కామారెడ్డిలో మరొకటి కలిసింది: పక్క సీట్లో ఎవరు కూర్చుంటారని అనుకుంటున్నారు, ఆ మనిషిని అడిగారా అని. అడగలేదని చెప్పినవాళ్లకు నేను సైజు చెప్పను, ముందు ఇంటికి వెళ్లి అడిగి రమ్మంటాను. కొందరు మళ్లీ రారు.