ఆకాశం మోసినవాడి పేరు

పదిహేడేళ్ల వయసులో పెనిమిటి వెంట పాలమూరు నుంచి బొంబాయిలో దిగిన ఎల్లమ్మ, నలభై ఏళ్లు నెత్తిమీద మాలు మోసింది. ఇసుకా సిమెంటూ కలిపిన ఆ మాలును ఇనుప గమేలాలో నింపుకుని, నెత్తిన సుట్టబట్ట కుదురు పెట్టుకుని వెదురు నిచ్చెనలెక్కింది. నాగ్‌పాడాలో ఆమె మోసి లేపిన అంతస్తుల్లో ఎవరెవరో కాపురాలు చేసుకుంటున్నారు. ఆమె మాత్రం కామాటిపురాలోని ఇరుకు గదుల చాల్‌లో ఒక్క గదిలోనే ఉండిపోయింది.

ఈమధ్య మెడ తిప్పితే కళ్లు తిరుగుతున్నాయి. ఫిజియోథెరపీ చదువుతున్న మనవరాలు మయూరి ఆసుపత్రికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించింది. మెడ ఎముకలు అరిగాయి, ఇక బరువులు ఎత్తొద్దన్నాడు డాక్టరు. మోయలేని మనిషి ఇంకెందుకన్నదే అప్పట్నుంచీ ఎల్లమ్మ దిగులు.

సాయంత్రం వరండాలో మయూరి ఆ ఫిల్మును వెలుతురుకు ఎత్తిపట్టి, పుర్రె కిందున్న మొట్టమొదటి ఎముకను చూపించింది.

"ఆజీ, గీ బొక్క పేరు ఇంగ్లీషుల అట్లాస్. గ్రీసు దేశపోళ్ల పురాణంలకెళ్లి వచ్చింది. అట్లాస్ అని ఒకాయన ఆకాశం మొత్తం మోసెటోడట. గీ బొక్క తలకాయను మోస్తది గదా, అందుకే ఆయన పేరు పెట్టిన్రు."

ఎల్లమ్మ ఫిల్ముకేసి అలాగే చూస్తూ ఉండిపోయింది. ఎందుకు మోశాడని అడిగింది. దేవతలతో యుద్ధంలో ఓడిపోయాడని, వాళ్ల రాజు ఆ శిక్ష వేశాడని మయూరి చెప్పింది. ఎవరూ సాయం పట్టలేదా అని అడిగితే, ఒక వీరుడు కాసేపు మోసి మళ్లీ ఆయనకే అప్పజెప్పాడంది. ఎల్లమ్మ తలూపి, ఇంకొక్కటే అడిగింది.

"నెత్తిమీద సుట్టబట్ట పెట్టుకున్నడా బిడ్డా?"

మయూరి చదివిన ఏ పుస్తకంలోనూ ఆ సంగతి లేదు.

"బట్ట లేకుంటనే మోసిండేమో," అంది ఎల్లమ్మ. తన నడినెత్తిన చెయ్యి పెట్టి చూసుకుంది.

మర్నాడు నల్లా దగ్గర ఎల్లమ్మ, తనతో ఇరవయ్యేళ్లు మాలు మోసిన ముత్తమ్మకు ఈ కథంతా చెప్పి, ఆమెను వెనక్కి తిప్పి పుర్రె కింద వేలు పెట్టింది.

"గీడుంటడు ఆయన. నీకున్నడు, నాకున్నడు."

ముత్తమ్మ బకెట్ కింద పెట్టి, తన మెడను తానే మెల్లగా తడుముకుంది. నీళ్ల వరుసలోని ఆడవాళ్ల చేతులు ఒకటొకటిగా మెడల మీదికి వెళ్లాయి.

ఎల్లమ్మ బిందె నిండింది. మయూరి వచ్చి ఎత్తుకుంటే ఆమె అడ్డు చెప్పలేదు. ఉత్త చేతులతో, మెడ నిటారుగా, మనవరాలి వెనకే మెట్లెక్కింది.