గుక్క తిప్పుకోని కూత

ఆ రోజుల్లో పిల్లలు ఏడిస్తే పెద్దవాళ్ళు అంతగా పట్టించుకునేవాళ్ళు కాదు. ఇంటినిండా పిల్లలే కదా, ఒకళ్ళు ఆపితే ఇంకొకళ్ళు అందుకునేవాళ్ళు. కానీ మా ఇంట్లో నా ఏడుపుకి మాత్రం ప్రత్యేకమైన మర్యాద ఉండేది. నేను గుక్కపట్టానంటే అది మధ్యలో తెగేది కాదు. బెజవాడలో మా ఇంటి వసారాలో మగ్గం ముందు కూర్చున్న తాతయ్య కూడా నేత ఆపేసి, "పిల్ల ఊపిరి తీసుకుందో లేదో ఎవరన్నా చూడండర్రా" అని కేకేసేవాడట. నన్ను బడిలో వేసిన రోజున ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెట్టిన ఏడుపు బడి అరుగు ఎక్కేదాకా ఆపలేదు. నాన్న భుజం మీద నేను, నా చేతిలో పలక, మా వెనకాల వీధిలో పిల్లలందరూ ఊరేగింపు. పంతులుగారు బెత్తం పక్కన పెట్టి, రెండు చెవులూ మూసుకుని, "ఏమండోయ్, మీ అమ్మాయి రైలుకూత వేస్తోందండీ! టేషన్ వాళ్ళు విన్నారంటే ఎత్తుకుపోతారు" అన్నారు. ఆ రోజు నుంచీ నా పేరు రైలుకూత. (అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు, ఒక్కోసారి నాకు కూడా.) అయితే ఆయన గడుసువాడు. నాలుగు రోజులు పోయాక నా గొంతుకి ఒక పని కల్పించారు. ఎక్కాలు నేను పైకి చెప్పాలి, మిగతావాళ్ళు నా వెనక అనాలి, ఆయన గోడకి జారబడి కునుకు తీయాలి. ఎక్కం మొత్తం ఒక్క గుక్కలో లాగించేదాన్ని. లెక్కలు ఒక్కటీ తలకెక్కలేదు గానీ ఊపిరి మాత్రం బాగా ఎదిగింది.

ఆ ఏడు వేసవి సెలవులకి గన్నవరం దగ్గర పల్లెలో ఉన్న మా పెద్దత్తయ్య ఇంటికి వెళ్ళాం. అత్తయ్య అంటే నాన్నకి అక్క. మామయ్యది వ్యవసాయం. వాళ్ళకి ఇద్దరు కొడుకులు, నాకు పెద్దబావ, చిన్నబావ. నేను వెళ్ళేసరికి ఇద్దరి మొహాలూ వేలాడిపోయి ఉన్నాయి. సంగతేమిటంటే, కోతలయ్యాక ఖాళీగా పడున్న కళ్ళంలో తమ వీధికీ పైవీధికీ చెడుగుడు పందెం వేసుకున్నారు. ఓడినవాళ్ళు సెలవులు అయిపోయేదాకా ఆ కళ్ళంలో అడుగు పెట్టకూడదు. తీరా ఆట సమయానికి వీళ్ళ జట్టులో ఒకడు పచ్చి మామిడికాయలు తిని కడుపునొప్పితో మంచమెక్కాడు. మనిషి తక్కువైతే ఆట లేకుండానే ఓడినట్టని పైవీధి వాళ్ళ షరతు.

"దీన్ని తీసుకెళ్దాంరా అన్నయ్యా. దీనికి గుక్కుంది" అన్నాడు చిన్నబావ, నన్ను ఎగాదిగా చూసి.

"ఆడపిల్లని తీసుకెళ్తే నవ్వుతార్రా!"

"ఓడితే నవ్వరా మరి?"

పెద్దబావ నన్ను కళ్ళం దాకా లాక్కుపోయాడు. "ఇదుగో రైలుకూతా, నువ్వు మూల నిలబడు చాలు. ఏమీ చెయ్యకు. ఎవరన్నా వస్తే పారిపో" అని చెడుగుడు మొత్తం నాకు ఆ రెండు ముక్కల్లో నేర్పించేశాడు. నేను తలూపాను. నా బెంగల్లా నా పరికిణీ గురించే. మా మగ్గం మీద తాతయ్య నేసిన ఎర్రంచు పరికిణీ అది, కొత్తది. "మాపుకొచ్చావో, వీపు విమానం మోతే" అని అమ్మ పొద్దున్నే చెప్పి ఉంది.

మామయ్య గడ్డివామి నీడన మంచం వేయించుకుని పెద్దమనిషిగా కూర్చున్నాడు. ఆట మొదలైంది. పైవీధి నాయకుణ్ణి అందరూ గుండ్రాయి అనేవాళ్ళు. పొట్టిగా, గట్టిగా, నేలలో పాతిపెట్టినట్టు ఉండేవాడు. వాడు కూతకొచ్చినప్పుడల్లా మా వాళ్ళు ఒక్కొక్కరే రాలిపోయారు. చివరికి పెద్దబావ కూడా చచ్చి (ఆటలో లెండి) గట్టు మీద కూర్చున్నాడు. మూల నుంచి నేను చూసుకుంటే మా వైపు మిగిలింది నేనొక్కదాన్నే. అవతల గుండ్రాయితో కలిసి ముగ్గురు.

"వెళ్ళవే! కూత ఆపకుండా వెళ్ళి, ఒకణ్ణి తాకి, గీత దగ్గరికి వచ్చెయ్యి! పట్టుకున్నా సరే, కూత తెగకూడదు!" అని చిన్నబావ గట్టు మీద గెంతుతున్నాడు. నేను "చెడుగుడుగుడుగుడు" అంటూ గీత దాటాను. అవతలివాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. గుండ్రాయి నవ్వుతూనే తాపీగా వచ్చి నా పరికిణీ కుచ్చెళ్ళు పట్టుకున్నాడు.

అంతే. నాకు ఆట మాయమైపోయింది, అమ్మ చెయ్యి కనపడింది. "గుడుగుడు" కాస్తా మధ్యలోనే "ఓ..." అని ఏడుపులోకి తిరిగింది. అది మామూలు ఏడుపు కాదు, బడిలో చేరిన రోజు నాటి ఏడుపు. గుండ్రాయి బిత్తరపోయాడు గానీ కుచ్చెళ్ళు వదల్లేదు. మిగతా ఇద్దరూ నా నోరు మూయించాలని వచ్చి చెరో రెక్కా పట్టుకున్నారు. నేను ఆపలేదు. పరికిణీ వాడి చేతిలోంచి లాక్కోవాలని ఒకటే గింజుకుంటున్నాను. ఆ ఊపుకి నలుగురం కలిసి దొర్లుకుంటూ వచ్చి పడ్డాం. నా చెయ్యి గీత మీద పడింది. అప్పటికీ ఏడుపు సాగుతూనే ఉంది.

గట్టు మీద ఈలలు. గుండ్రాయి లేచి, "ఒప్పుకోం మామా! అది ఏడ్చింది. ఏడుపు కూత ఎట్టవుద్ది?" అని మామయ్య మీదకొచ్చాడు.

మామయ్య చుట్ట నోట్లోంచి తీసి, నావైపు కాసేపు చెవి ఒగ్గి విన్నాడు. "గుక్క తిప్పుకుందంట్రా?"

"లేదు గానీ..."

"ఇప్పటికీ తిప్పుకోలా. ఇంకేంటి మీ గొడవ? ముగ్గురూ చచ్చినట్టే. పోండి."

ఈలోగా నా గొంతు విని అమ్మా, అత్తయ్యా, వాళ్ళ వెనక నాన్నా పరిగెత్తుకొచ్చారు. అమ్మ నేరుగా పరికిణీ పట్టుకుంది. అత్తయ్య బావలిద్దరి చెవులూ చెరో చేత్తో పట్టుకుంది. "పసిపిల్లని కళ్ళంలోకి దింపుతార్రా వెధవల్లారా! ఎముకలు విరిగితే? ...ఇంతకీ గెలిచారా?" అంది. గెలిచామనగానే చెవులు వదిలేసింది. నాన్న మాత్రం నన్ను ఎత్తుకోకుండా పరికిణీ అంచు వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. "చూశావా అక్కయ్యా, ముగ్గురు పట్టుకు లాగినా ఒక్క పోగు జరగలా! నాన్న నేతంటే నేతే" అని మురిసిపోయాడు. తన మామగారి నేతని మెచ్చుకుంటుంటే మధ్యలో కోడలై ఉండి పిల్లని కొట్టడం బాగుండదని కాబోలు, అమ్మ ఎత్తిన చెయ్యి దించేసి నా మొహం తుడిచింది. మట్టి మరకలు మాత్రం చాకిరేవుకి కూడా లొంగలేదు.

ఆ సెలవులన్నాళ్ళూ కళ్ళం మాదే. మూడో రోజుకే విసుగెత్తి, పైవీధి వాళ్ళని మా వాళ్ళే పిలుచుకొచ్చారు. ఎదటివాళ్ళు లేకుండా చెడుగుడు ఎవరితో ఆడతారు?

మేం తిరిగి బెజవాడ బయలుదేరిన రోజున పిల్లలందరూ రోడ్డు దాకా వచ్చారు. యుద్ధం రోజులవి. పెట్రోలు దొరక్క బస్సుల్ని బొగ్గుతో నడిపేవాళ్ళు. మేమెక్కిన బస్సు నాలుగు బారలు కదిలి, దగ్గి, ఆగిపోయింది. డ్రైవరు కేకేస్తే రెండు వీధుల పిల్లలూ కలిసి వెనక నుంచి తోశారు. బస్సు పొగ వదిలి కదిలాక గుండ్రాయి పక్కనే పరిగెత్తుతూ, మసి మొహంతో కిటికీలోకి తొంగిచూసి, "ఏయ్ పిల్లా, మళ్ళీ సెలవులకి మా జట్టులోకి రావాలి, ఇప్పుడే చెబుతున్నా!" అన్నాడు. వెనక నుంచి పెద్దబావ వాడి చొక్కా పట్టుకుని లాగి, "అది మా పిల్లరా! మా వైపే ఆడుద్ది!" అని అరిచాడు. ఇద్దరూ రోడ్డు మీద కలబడటం దుమ్ములో కొంతసేపు కనిపించింది. ఆ తర్వాత దుమ్మే మిగిలింది.

మరుసటి ఏడు వెళ్ళేసరికి, పెద్దదానివయ్యావు, మగపిల్లలతో ఆటలేమిటని గచ్చకాయలిచ్చి వసారాలో కూర్చోబెట్టారు. (అప్పటికి నాకు పాలపళ్ళు కూడా పూర్తిగా ఊడలేదు.) తర్వాత చదువు, పెళ్ళి, సంసారం, దేనికీ లోటు లేకుండానే జరిగిపోయాయి. కానీ మా వైపంటే మా వైపని నా కోసం రెండు వీధులు కొట్టుకోవడం మాత్రం మళ్ళీ ఎన్నడూ జరగలేదు. ఆ దుమ్ములో ఎవరు గెలిచారో చూడకుండానే బస్సు మలుపు తిరిగిపోయింది. డ్రైవరు ఇంకాస్త నెమ్మదిగా పోనిచ్చి ఉంటే ఆయన సొమ్మేం పోయేదని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.