నలభై అడుగులు జరిగిన తూము

మా కాలువ లస్కరు పోయారని సోమవారం పొద్దున ఆళ్లగడ్డ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. గుండెపోటట. తూము తలుపులు ఎత్తి దించుతూ, గట్టు కాపలా కాస్తూ ముప్పై ఏళ్లు గడిపిన మనిషి. అరగంటలో మా నంద్యాల ఆఫీసు వాట్సాప్ గ్రూపు నిండా దండాల బొమ్మలు పడ్డాయి. ఆయనకు మెమో ఇప్పించిన మా పై అధికారిదీ ఒకటి ఉంది. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

నేను ఇంజనీరుగా చేరిన కొత్తలో గట్టు వెంట నడిపించింది ఆయనే. నీళ్లలో దిగేముందు చెప్పులు విడిచేవారు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో తూము రాతిమీద చాక్‌పీసుతో గీసి పెట్టేవారు. నేను మ్యాపు తీస్తే నవ్వేవారు. "నీళ్లకు సదువు రాదుమ్మా. పల్లం ఒకటే తెలుసు."

రెండేళ్ల కిందట కాలువకు డిజిటల్ ట్విన్ చేయమన్నారు. అంటే పాత డిజైన్ డ్రాయింగులన్నీ ఎక్కించి కంప్యూటర్లో అచ్చం అలాంటి కాలువనే నిలబెట్టడం. ఇక మరమ్మతులన్నీ దాన్ని చూసే చేయాలి. ఆలోచన మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. ఎక్కించే పని నాకు పడింది. ఒకరోజు ఆయన ఆఫీసుకొచ్చి తెర ముందు నిలబడ్డారు.

"ఆఖరి తూము యాడమ్మా?"

చూపించాను.

"ఆడ బండ తగిలింది. కట్టేపొద్దే నలభై అడుగులు కిందికి జరిపినారు."

మా అధికారి తల ఎత్తకుండానే, "డ్రాయింగులో అట్ల లేదు కదప్పా" అన్నారు.

"డ్రాయింగు గీసినాయప్ప ఆడికి రాల్యా సార్. బండ ఇంగా ఆడే ఉండాది."

ఆధార పత్రం లేదని ఆ మాట ఎక్కించనివ్వలేదు. ఈ మాత్రం భాగ్యానికి పై అధికారితో పోట్లాట ఎందుకని నేనూ ఊరుకున్నాను. తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఆ వేసవిలో కాలువకు కాంక్రీటు పరిచారు. తెరమీద తూము కనిపించిన చోట, అంటే బండ దగ్గర, ఖాళీ వదిలారు. అసలు తూమును కప్పేశారు. నీళ్లు వదిలాక కింది చేలకు చుక్క అందలేదు. మూడు వారాలు అర్జీలు పెట్టినా ఒక్కరూ కదల్లేదు. నారుమళ్లు ఎండుతుంటే చూడలేక ఆయనే గడ్డపారతో కాంక్రీటు పగలగొట్టారు. ప్రభుత్వ ఆస్తి పాడుచేసినందుకు సంజాయిషీ చెప్పమని మెమో ఇచ్చారు! దాన్ని చదవనైనా చదవకుండా ఆయన చేతికిచ్చింది నేనే.

"పోనీలేమ్మా. మడి తడిసింది కదా" అన్నారు.

ఆ మెమో రద్దు కాకుండానే పోయారు.

అంత్యక్రియల నుంచి తిరిగొచ్చి, ఆ తూమును కంప్యూటర్లో దాని అసలు చోట పెట్టి ఆమోదానికి పంపాను. ఆధార పత్రం జత చేయమని వెనక్కి వచ్చింది. పట్టరాని కోపంతో ఆయన ఫైలు తీసి మెమో చదివాను. ఆఖరి తూమును కప్పిన కాంక్రీటు పగలగొట్టారని, అది గట్టుమీది ఏ కిలోమీటరు రాయికి ఎన్ని అడుగుల దూరమో కొలతతో సహా మా ఆఫీసే రాసింది. కింద మా అధికారి సంతకం, ముద్ర. దాన్నే జత చేశాను. సాయంత్రానికి ఆమోదం వచ్చింది.

ఇప్పుడు తెరమీద తూము ఉండాల్సిన చోటే ఉంది. దానిమీద నొక్కి ఆధారం అడిగితే, మీరెందుకు నేరస్థులు కారో చెప్పండని మా లస్కరును నిలదీసే కాగితం తెరుచుకుంటుంది.