కారు కడుపులో పాకురు

కరోనా సద్దుమణిగి, ఆగిపోయిన మొక్కులన్నీ జనం వరసపెట్టి తీర్చుకుంటున్న ఏడాది అది. ఏప్రిల్ నెల. బిజినేపల్లిలో వనపర్తి పోయే రోడ్డు మీద ఉంది నా కార్ల మరమ్మతు షెడ్డు. రేకుల కప్పు కావడంతో ఎండాకాలంలో పొద్దున తొమ్మిదికే లోపల కూర్చున్న మనిషికీ, బయట ఆగిన ఇంజనుకూ పెద్ద తేడా ఉండదు. నాకు ముక్కు మీద కోపమని ఊళ్లో పేరు. ఏప్రిల్‌లో ఒక్కరోజు నా షెడ్డులో నిలబడి చూస్తే ఆ పేరు పెట్టినవాళ్లే వెనక్కి తీసుకుంటారు.

ఆ ఉదయం నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఒక తెల్ల కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేస్తోంది. అద్దం మీద పసుపు బొట్లు, ముందు బంతిపూల దండ. చూడగానే గుర్తుపట్టాను. నెల కిందట నేనే ఆయిల్ మార్చి, కొత్త కూలెంట్ పోసి పంపిన బండి. యజమాని కుర్మయ్యది బల్మూర్ దగ్గరి పల్లె. ఇన్నేళ్లూ సొంత ట్రాక్టర్ తప్ప వేరే బండి ఎరగనివాడు, ఆ మధ్యే ఈ పాత కారు కొన్నాడు.

దిగీదిగగానే కుర్మయ్య తువ్వాల చేతికి చుట్టుకున్నాడు. బానెట్ ఎత్తి, కూలెంట్ ట్యాంకు మూత మీద చెయ్యి వేశాడు.

"ఏయ్! చెయ్యి తియ్యి!" అని నేను వేసిన కేకకు ఎదుటి హోటల్లో చాయ్ తాగేవాళ్లు కూడా గ్లాసులు కింద పెట్టేశారు.

"నీళ్లు పోద్దమని అన్నా. ట్రాక్టర్‌కు గిట్లనే తీస్త గద."

"ట్రాక్టర్‌కైనా కాగుతున్నప్పుడు తియ్యొద్దు! మూత తిప్పినవంటే లోపలి నీళ్లు ఎగిరొచ్చి మొకం మీద పడ్తయి. మొకం తోలు ఊడొస్తది."

చదివేవాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇంజను చుట్టూ తిరిగి దాని వేడిని లాక్కునే ద్రవమే కూలెంట్. నడుస్తున్న బండిలో అది ఒత్తిడి మీద ఉంటుంది. వేడి తగ్గకముందే మూత తీస్తే ఆ ఒత్తిడంతా తీసినవాడి మీదికే వస్తుంది. నేను ఇదంతా కుర్మయ్యకు ఇంకా గట్టిగా వివరించబోతుంటే, అతని భార్య బాలమణి కారులోంచి తల బయటికి పెట్టింది.

"కుక్కర్ల ఆవిరి పోకముందు మూత తీస్తమా? గంతే గదన్నా. ఈయనకు వంటింట్ల పనుంటే గద తెలిసేది!"

కాసేపు బండిని అలాగే వదిలేయమన్నాను.

"కాసేపంటే?"

"సల్లారేదాక."

కుర్మయ్య మొహంలో రంగు మారింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. అతని చెల్లెలు సుజాతను గద్వాల దిక్కు ఇచ్చారు. ఆమె కొడుకుకు ఆ రోజు మల్దకల్ వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర పుట్టెంట్రుకలు తీస్తున్నారు. పిల్లవాడు మేనమామ ఒళ్లో కూర్చోవాలి, మొదటి కత్తెర మేనమామే వెయ్యాలి. ఆ మేనమామ కుర్మయ్య. పిల్లవాణ్ని తొట్టెలో వేసే వేడుకకు ట్రాక్టర్ వేసుకుని బయల్దేరి, అది దారిలో మొరాయిస్తే, తెల్లారి అందరూ వెళ్లిపోయాక చేరాడట. ఈసారి కూడా రాకపోతే తన చిన్నాన్న కొడుకు ఒళ్లో కూర్చోబెడతానని సుజాత ముందే చెప్పేసింది. మల్దకల్‌కు ఇక్కడి నుంచి ఇంకా రెండు గంటల దారి ఉంది.

"ఒక్కతే చెల్లె అన్నా. ఒక్కడే అల్లుడు," అన్నాడు కుర్మయ్య. నా కోపం అక్కడితో సగం దిగిపోయింది.

"బస్సుల పోదమంటి గద," అంది బాలమణి. అంతలోనే వనపర్తి బస్సు హారన్ కొట్టుకుంటూ ముందు నుంచే వెళ్లింది. వనపర్తిలో ఒకసారి, గద్వాలలో ఒకసారి మారాలి, ఎలాగూ అందుకోలేరు. అయినా ఆమె ఆ బస్సు మలుపు తిరిగేదాకా చూసి, తర్వాత మొగుణ్ని చూసింది.

ఈలోగా కుర్మయ్య నీళ్లు ఎక్కడ కారుతున్నాయో కనిపెడదామని ఇంజను మీదికి వంగాడు. తువ్వాల కొసలు లోపలికి వేలాడుతున్నాయి. బండి ఆపి, తాళం చెవి చేతిలో పెట్టుకున్న మనిషి కదా, భయమేముంది అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే ముందున్న ఫ్యాన్ గిర్రున తిరిగింది. నేను తువ్వాల పట్టి వెనక్కి లాగాను. కుర్మయ్య వెళ్లి పాత టైర్ల మీద కూర్చున్నాడు.

"చెవి నా చేతిలుంటే ఎట్ల తిరిగింది?"

"కరెంటు ఫ్యాన్ అది. వేడెక్కితే నిన్ను అడగదు, తాళం చెవిని అడగదు. దానంతట అది తిరుగుతది."

"ట్రాక్టర్‌కు గిట్ల లేకుండె," అన్నాడు కుర్మయ్య, ట్రాక్టర్‌ను తలుచుకుని దిగులుగా.

నేను టార్చి పట్టుకుని దూరం నుంచే ట్యాంకులోకి చూశాను. ఆ ట్యాంకు తెల్లటి ప్లాస్టిక్‌ది, లోపల ఎంత ఉందో మూత తీయకుండానే కనిపిస్తుంది. నేను పోసింది ఆకుపచ్చ కూలెంట్. ఇప్పుడు అడుగున కాసిన్ని రంగులేని ఉత్త నీళ్లున్నాయి.

"కుర్మయ్యా, నేను పోసిన కూలెంట్ ఏది?"

"ఏదన్నా?"

"ఆకుపచ్చగ ఉండె సూడు."

కుర్మయ్య మొహం వెలిగిపోయింది. చేసిన మంచిపనిని ఎవరో ఎట్టకేలకు గుర్తించారన్నంత సంబరం.

"అదా! పాకురు పట్టిండె అన్నా. మొత్తం కడిగిన."

అతను వివరంగా చెప్పుకొచ్చాడు. బర్రెల తొట్టిలో నీళ్లు నిలవుంటే పాకురు పట్టి పచ్చబడతాయి. అలాంటి నీళ్లు బర్రెలకే పట్టం, పొద్దున్నే పారబోసి, తొట్టి తోమి కొత్త నీళ్లు నింపుతాం. అల్లుడి మొక్కుకు పోయే బండి కదా అని నిన్న సాయంత్రం మూత తీసి చూస్తే లోపలంతా ఆకుపచ్చ. మేస్త్రి పని ఎక్కువై చూసుకోలేదేమో అనుకున్నాడు, నన్ను తిట్టుకోలేదు కూడా. రేడియేటర్ కింది పైపు ఊడదీసి, పైనుంచి బోరు నీళ్లు వదిలి, తేటగా వచ్చేదాకా కడిగాడు. మళ్లీ పైపు బిగించి బోరు నీళ్లే నింపాడు.

"సబ్బు పెడదమనుకున్న, మల్ల నురుగొస్తదని పెట్టలె."

బాలమణి నుదురు కొట్టుకుంది. నేనూ కొట్టుకోవాల్సిందే గానీ చేతికి గ్రీజుంది.

ఎండిన నేలల బోరు నీళ్లు ఎలాంటివో మా దిక్కు ఆడవాళ్లనడిగితే చెబుతారు, నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టే సున్నం చూపించి మరీ. అదే సున్నం రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కడుతుంది. అయితే ఆ రోజు బండిని ఆపింది సున్నం కాదు. పైపు ఊడదీసి మళ్లీ నింపినప్పుడు గాలి లోపలే ఉండిపోయింది. దాన్ని మేము ఎయిర్ లాక్ అంటాం. గాలి అడ్డం కూర్చుంటే నీళ్లు తిరగవు, ఇంజను కాగిపోతుంది. దానికి తోడు పైపు క్లిప్పు వదులుగా ఉండి దారిపొడుగునా నీళ్లు కారాయి.

ఉన్నట్టుండి నాకు ఇంకో భయం పట్టుకుంది. "ఆ పచ్చనీళ్లు ఏడ పారబోసినవ్?"

"పెంటకుప్ప మీద."

"అది విషం! కొద్దిగ తియ్యగుంటది, కుక్కలు, బర్రెలు నాకితే పానం మీదికొస్తది!"

కుర్మయ్య వెంటనే ఇంటికి ఫోను చేశాడు. "నాయినా, జర పెంటకుప్ప మీద నీళ్లు పోసిన కాడ మన్ను మొత్తం తోడి గుంతల పూడ్సు... బర్రెలను రానియ్యకు... ఏం నీళ్లంటే, కార్ల పాకురు... ఆఁ, కార్లకెల్లి వచ్చిందే... కార్లకు గూడ వస్తదట నాయినా!" అవతల ముసలాయనకు ఎంత అర్థమైందో తెలియదు గానీ, బర్రెలు రెండూ కొట్టం లోపలే ఉన్నాయని తెలిసి మేమందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఇంజను చల్లారేలోగా ఆయిల్ చూద్దామని డిప్‌స్టిక్ తీశాను. ఆయిల్ ఎంతుందో చూపే ఇనుప పుల్ల అది. బండి సమంగా ఉన్న నేల మీద ఆగి, ఇంజను ఆపి కాసేపయ్యాక తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీయాలి. దాని మీద రెండు గీతలుంటాయి, ఆయిల్ ఆ రెంటి మధ్య ఉండాలి. కుర్మయ్య ఆయిల్ పైగీత దాటి, వేలెడు మేర పైకి పాకింది.

"గిది గూడ నువ్వేనా?"

"దూరం పోతున్నం గద అని ఒక డబ్బా పోసిన," అన్నాడు. ఈసారి సంబరం లేదు.

ఆయిల్ తక్కువైతేనే కాదు, ఎక్కువైనా ముప్పే. లోపల తిరిగే క్రాంకు అనే ఇరుసు దాన్ని కవ్వంతో చిలికినట్టు చిలికి నురుగు చేస్తుంది. నురుగు ఇనుమును కాపాడదు. గీతలోకి వచ్చేదాకా సన్నపైపుతో లాగేశాను.

అప్పుడు మోగింది ఫోను. అవతల కుర్మయ్య బావ, సుజాత మొగుడు. ఆయనది కర్ణాటక అంచు ఊరు, అయింది, సరే అనడానికి కన్నడంలో మాట మాటకూ "ఆయ్తు" అంటాడట. ఆ రోజు మాత్రం అది దీవెనలా వినిపించలేదు.

"ఆయ్తు! ఇగ వచ్చినట్టే నువ్వు! పంతులు చెప్పిన గడియ దాటుతున్నది. నీ అసొంటి ట్రాక్టర్ డ్రైవర్‌కు కార్ ఎవడమ్మిండు?"

కుర్మయ్య ఫోను నా చేతిలో పెట్టేసి బండి దగ్గరికి వెళ్లాడు. తువ్వాల మళ్లీ చేతికి చుట్టుకుంటున్నాడు. "ఇగ తీస్త అన్నా. కాలితే కాలనీ."

నేను ఒక చేత్తో అతని చొక్కా పట్టుకున్నాను. రెండో చేతిలోని ఫోనులో ఇప్పుడు సుజాత గొంతు. "మా అన్నకియ్యి."

"ఇయ్యనమ్మా. నీ అన్న కాగుతున్న ఇంజను మూత తీస్తనంటున్నడు. తీస్తే చేతులు కాల్తయి. ఆగుమని నువ్వన్న చెప్పు."

ఆమె వెనక పిల్లవాడి ఏడుపు వినిపిస్తోంది. తర్వాత ఆమె అన్న మాటలు నాకు ఇప్పటికీ అలాగే గుర్తున్నాయి.

"కాలిన చేతులతోని పిల్లగాన్ని ఎట్ల పట్టుకుంటడు? నిమ్మలంగ రమ్మను. పంతులును ఇంకో గడియ సూడుమంట. మా అన్న ఒళ్లె తప్ప వేరే ఒళ్లె కూసోవెట్ట."

ఆ మాట చెబితే కుర్మయ్య తువ్వాల విప్పి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత మూత జోలికి పోలేదు. బాలమణి కూడా దిగి వచ్చి ఆయన పక్కనే టైర్ల మీద కూర్చుంది.

ఇంజను చల్లారింది. మూత మీద మందపాటి గుడ్డ వేసి, కొంచెం తిప్పి, మిగిలిన ఆవిరిని పోనిచ్చి, అప్పుడు తీశాను. బోరు నీళ్లు దించేసి, క్లిప్పు మార్చి, ఆకుపచ్చ కూలెంట్ పోశాను. మూత తీసే ఉంచి, హీటర్ పెట్టి ఇంజను నడిపితే గాలి బుడబుడమంటూ బయటికి వచ్చింది. తగ్గినంత మళ్లీ పోసి మూత బిగించాను. కుర్మయ్య ఆ పచ్చనీళ్ల వంకే అనుమానంగా చూస్తున్నాడు. డాష్‌బోర్డు మీద వేడి చూపే ముల్లును వేలితో చూపించి, అది సగం దాటితే పక్కకు ఆపమన్నాను.

పొద్దు గుంకేవేళ ఆ తెల్ల కారు మళ్లీ వచ్చి ఆగింది. ఈసారి ఆవిరి లేదు. సుజాత, బావ, నున్నటి గుండు మీద గంధం పూసుకున్న పిల్లవాడు, అందరూ బల్మూర్ పోతున్నారు. సుజాత నాకు ప్రసాదం పెట్టింది.

బండి నడుపుతున్నది మాత్రం కుర్మయ్య కాదు, బావ. కత్తెర పెట్టినప్పుడు మేనమామ ఒళ్లోకి ఎక్కిన పిల్లవాడు అప్పటి నుంచి దిగనే లేదట. దించబోతే గుడి ఎగిరిపోయేలా ఏడ్చాడట. ఆ చిన్నాన్న కొడుకు చెయ్యి చాపితే కొరికాడు కూడానట. అందుకని కుర్మయ్య వెనక సీట్లో, ఒళ్లో అల్లుడితో, కదలడానికి లేకుండా కూర్చున్నాడు.

ఇన్నేళ్ల పనిలో ఎన్నో ఇంజన్లు విప్పాను. వేడెక్కిన బండికి చెయ్యవలసిన మొదటి పని ఏ పనీ చెయ్యకపోవడమేనని వచ్చిన ప్రతివాడికీ అరిచి చెబుతూనే ఉన్నాను. నా అరుపుకు ఆగనివాడు చెల్లెలు "నిమ్మలంగ రా" అంటే ఆగాడు. అప్పటి నుంచి ఎవరైనా తొందరపడి మూత మీద చెయ్యి వేస్తే, కేక వెయ్యడం కేకే గానీ, దాంతోపాటు వాళ్ల కోసం ఎదురుచూసేవాళ్లకు ఫోను కూడా చేయిస్తున్నాను. ఆకుపచ్చది పాకురు కాదని మాత్రం బండి తాళం ఇచ్చేటప్పుడే చెబుతున్నాను.

బావ బండి కదిలించాడు. ఎదుటి హోటల్ దాటిందో లేదో, వెనక సీటు అద్దంలోంచి కుర్మయ్య గొంతు రోడ్డంతా వినిపించింది.

"బావా, ముల్లు సూడు! ముల్లు సూస్తున్నవా లేదా?"

"ఆయ్తు, ఆయ్తు," అంటున్నాడు బావ.