ఆగ్నేయం కుదిరిన అట్టపెట్టె బంగళా

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. నేను పెళ్లి చేసుకున్న ఏడాదే ఇల్లు కూడా కట్టేశాను. మూరెడు ఇల్లు. దాంతో పటమటలో మా అత్తవారి కొంప ఎలా తలకిందులు చేశానో చెబుతాను. నవ్వితే నవ్వండి గానీ మా ఆయన ముందు మాత్రం ఈ మాట ఎత్తకండి, ఆయనింకా కోలుకోలేదు.

అప్పట్లో నాకు బుల్లి గదుల పిచ్చి. ఫోన్లో వీడియోలు చూసి పాతకాలం గదులు అట్టతో చేసేదాన్ని. అత్తయ్యగారు ఊరుకోవచ్చు కదా, దసరా బొమ్మల కొలువుకి మా కోడలు బంగళా కడుతోందని కంకిపాడులో ఉన్న ఆడపడుచుకి ఫోన్ చేసి చెప్పేశారు. మామయ్యగారి అక్కగారావిడ. అత్తయ్యగారు ఏం చేసినా పెదవి విరిచే మనిషి. ఈ ఒక్కసారైనా ఆవిడ నోట మెచ్చుకోలు వినాలని అత్తయ్యగారి పంతం. ఆ పంతమంతా తెచ్చి నా జిగురు సీసా మీద పెట్టారు.

నేను తగ్గుతానా? పాత ఇంగ్లీషు దొరల విక్టోరియన్ డ్రాయింగ్ రూము చేశాను. గోడలకి శుభలేఖల కవర్లు, కిందకి పట్టు జాకెట్టు ముక్క తివాచీ, జత పోయిన బుట్టకమ్మ షాండ్లియరు. కుడిచేతివైపు వెనక మూల ఫైర్‌ప్లేసు, అందులో ఎర్ర బల్బు. చూసుకుని నాకు నేనే దిష్టి తీసుకున్నాను.

పేరంటం రోజు మధ్యాహ్నం హాల్లో పడమటి గోడకి మెట్లు కట్టి, బొమ్మల మధ్య బంగళా పెట్టాం. అప్పుడొచ్చారు మామయ్యగారు. రిటైరయ్యాక ఆయనకి వాస్తు పట్టుకుంది. ఫైర్‌ప్లేసు వైపు వేలు చూపించి అదేంటని అడిగారు.

"చలి కాచుకునే పొయ్యండీ."

"బెజవాడలోనా?"

అక్కడితో ఆగితే బాగుండేది. ఫోన్లో దిక్సూచి తెరిచారు. పొయ్యి వాయవ్యంలో ఉందట, ఆగ్నేయంలో ఉండాలట. బొమ్మరిల్లే కదండీ అన్నాను. ఇంట్లో పెట్టాక అదీ ఇల్లేనన్నారు. పోనీ పీకేస్తానంటే, పండగపూట పొయ్యి పగలగొట్టే కోడలు మా వంశంలో లేదన్నారు.

అప్పుడు నాకో గొప్ప ఆలోచన వచ్చింది. ఇల్లు తిప్పేస్తే పోలా? తిప్పేశాను. పొయ్యి బుద్ధిగా ఆగ్నేయంలోకొచ్చింది, గది మొహం మాత్రం గోడవైపుకి పోయింది. అయితే కొలువే ఎదుటి గోడకి మార్చేద్దామన్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! మా ఆయన టీవీ ఇటు, సోఫా అటు లాగి, మెట్లు విప్పి తూర్పు గోడకి కట్టాడు. అంతా అయ్యాక అత్తయ్యగారు వంటింట్లోంచి వచ్చి, దేవుళ్లు పడమర చూస్తున్నారేమిటని అడిగారు. మళ్లీ టీవీ అటు, సోఫా ఇటు. ఏది తూర్పో, ఏది పడమరో ఎవరికీ తెలియలేదు. మా ఆయన బయటికెళ్లబోయి ఫ్రిజ్ తలుపు తీశాడు.

చివరికి కొలువు పాత చోటికే చేరింది. గోడకేసి ఉన్న బంగళా మొహం ఇటు తిప్పుదామంటే మామయ్యగారు దాని పక్కనే కాపలాగా కుర్చీ వేసుక్కూర్చున్నారు. ఆయన లేస్తారేమోనని చూస్తుండగానే బెల్లు మోగింది.

కంకిపాడు ఆవిడ తిన్నగా వచ్చి, కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ వెనక గోడ సంగతి. అట్ట చాలక కింద కొట్లో పెట్టె అడిగి తెచ్చాను. ఎలుకల మందు పెట్టె. దాని మీద అచ్చేసిన బెత్తెడు ఎలుక, మీసాలతో సహా, పేరంటాళ్ల వైపే చూస్తోంది. భూమి చీలితే బాగుండుననిపించింది.

"ఏమిటమ్మా ఇది?"

"వినాయకుడి వాహనమండీ" అన్నాను. నోటికి అదే వచ్చింది మరి.

ఆవిడ ఎలుకకి కుంకుమ పెట్టి అక్షింతలు వేశారు. వెనకాల ఉన్నవాళ్లూ వరసగా పెట్టారు. గండం గడిచిందనుకుంటున్నాను, ఆవిడ మళ్లీ ఇటు తిరిగారు. వాహనం సరే, స్వామి ఏడీ అన్నారు.

అత్తయ్యగారు తాంబూలం అందిస్తూ, కన్నార్పకుండా జవాబిచ్చారు.

"లోపల చలి కాచుకుంటున్నారు వదినా."

ఆవిడ పకపకా నవ్వి, సోఫాలో కూలబడి, ఈ ఏడు నీ కొలువే కొలువు అన్నారు. అత్తయ్యగారు నా వైపు చూసి, ఎవరికీ కనపడకుండా చీర కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. నవ్వో ఏడుపో నాకిప్పటికీ తెలీదు.

ఆ రోజే కనకదుర్గమ్మ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఏ శతాబ్దపు ఇల్లు కట్టినా సరే, ఇకపై ముందు భాగం కంటే వెనక భాగమే బాగా కడతాను.