మా అవ్వ తాగని బీడీ

ఆ రోజుల్లో మా లైనులో రహస్యమనేది రెండు పూటలు కూడా నిలిచేది కాదు. బెల్లంపల్లిలో బొగ్గు బాయి, అంటే గని, కార్మికులు ఉండే క్వార్టర్ల వరుసను లైను అనేవాళ్లం. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ, కాబట్టి మేం తాలింపు పెడితే పక్కింటివాళ్లు తుమ్మేవారు. అలాంటి చోట ఎనభైల మొదట్లో మా ఇంట్లో ఒక రహస్యం దాదాపు మూడు నెలలు నిలిచింది. దాన్ని కాపాడింది మా బాపు, అంటే మా నాన్న. బయటపెట్టిందీ ఆయనే. ఎందుకు బయటపెట్టాల్సి వచ్చిందో మాత్రం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. తెలిసినవాడు అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. యాభై దాటాక, తల నెరిశాక చెబుతున్నాను.

బాపు పదహారేళ్లు బాయిలో దిగి పనిచేశాడు, ఒంటి మీద ఒక్క గీత పడలేదు. ఆ ఎండాకాలం కూరగాయలు కొనుక్కుని వస్తుంటే సైకిల్‌కు మేక అడ్డం వచ్చింది. కాలు విరిగింది. (చూడవచ్చిన ప్రతి ఒక్కరూ ముందు మేకకేమైందని అడిగారు. మేకకేమీ కాలేదు.) సిమెంటు కట్టు వేసి మూడు నెలలు కదలొద్దన్నారు. మొదటి వారం పడుకున్నాడు. రెండో వారం ఇంటి పైకప్పులో పెంకులు లెక్కపెట్టాడు. మూడో వారం నేల మీద కూర్చుని, కూర్చున్నట్టే జరుగుతూ ఇల్లు సర్దడం మొదలుపెట్టాడు. బాయిలో ఆయన పని పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం. ఏదైనా వంకరగా కనిపిస్తే ప్రాణం ఒప్పేది కాదు. నా పుస్తకాలు, చెప్పులు, వంటింటి డబ్బాలు అన్నీ వరసలో నిలబడ్డాయి.

"ఏమయ్యా, పసుపు డబ్బ ఏడ పెట్టినవ్?" అని అవ్వ (మా దగ్గర అమ్మను అట్లాగే పిలుస్తాం) పొయ్యి దగ్గర నుంచి అరిచేది.

"ఎత్తును బట్టి పెట్టిన. ఎడమ దిక్కుకెల్లి నాలుగోది."

"నేను వంట చెయ్యాల్నా, కవాతు చెయ్యాల్నా?"

ఆ సర్దుడులోనే మంచం కింది మూట బయటపడింది. అవ్వ పాత చీరెలు, బాపు ధోవతులు, చివరికి నా బడి నాటి ఖాకీ నిక్కర్లు కూడా అందులో ఉన్నాయి. పెళ్లయిన నాటి నుంచి అవ్వ వాటితో బొంత కుడతానంటూనే ఉంది. నిజం చెప్పాలంటే అవ్వకూ సూదికీ పడదు. ఒకసారి నా చొక్కాకు గుండీ కుట్టింది. రెండు పక్కలనూ కలిపి కుట్టడంతో ఆ చొక్కాను తల మీద నుంచి తొడుక్కోవాల్సి వచ్చింది. అందుకే బాపు ఆ మూట తన ముందుకు లాక్కుని, "తలుపు గడె వెయ్యి, నేను కుడుత" అన్నప్పుడు అవ్వ నవ్వింది కానీ గడియ మాత్రం వేసింది.

తలుపుకు గడియ ఎందుకంటే, మా దగ్గర బొంత కుట్టడం ఆడవాళ్ల పని. బాయిలో దిగే మనిషి దబ్బనం పట్టుకుని బొంత కుడుతున్నాడని తెలిస్తే షిఫ్టు షిఫ్టంతా నవ్వుతుంది. కానీ ఆయన కుట్టిన తీరు చూడాలి. ఏడు పొరలు పరిచి, మూలలకు ఇటుకలు పెట్టి, దారానికి సుద్ద పూసి, ఒక కొస అవ్వ చేతికిచ్చి, గట్టిగా లాగి టప్పున కొట్టేవాడు. చిలకపచ్చ చీరె మీద తెల్లటి గీత పడేది. ఆ గీత మీద బియ్యపు గింజంత కుట్టు, మళ్లీ బియ్యపు గింజంత ఎడం. నాలుగు వరసలకు ఒకసారి ఆగి, గోడకు ఒరిగి, ఒక బీడీ ముట్టించి, పొగ వదులుతూ పనిని చూసుకునేవాడు. బయట అడుగుల చప్పుడైతే బీడీ ఆర్పి, బొంత మీదికి లాక్కుని పడుకునేవాడు. నడి వేసవిలో మెడదాకా బొంత కప్పుకున్న మనిషిని చూసి వచ్చినవాళ్లు పరేషాన్ అయ్యేవారు. "చలి జరం" అనేవాడు, నుదుటి మీద చెమటలు ధారగా కారుతుండగా. ఒకసారి పక్కింటాయన పలకరిస్తూ పలకరిస్తూ మంచం మీద కూర్చోబోయి దబ్బనం మీద కూర్చున్నాడు. ఆయనకు చలి జ్వరం గురించి అనుమానం వచ్చింది గానీ, నొప్పిలో అడగడం మరిచిపోయాడు.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. డిగ్రీ మొదటి సంవత్సరం. నేను రచయితనని నాకు గట్టి నమ్మకం. (ఆ నమ్మకానికి ఆధారంగా తిరిగొచ్చిన రచనలు అట్టపెట్టెలో పదకొండు ఉండేవి. బాపు వాటిని కూడా ఎత్తు ప్రకారం సర్దాడు.) ఒకరోజు బాపు దారం తెంపుతూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

"గీ బొంత ముచ్చట రాయరాదురా?"

"నువ్వే ఎవలకు తెల్వద్దంటివి గద బాపు?"

"లైన్ల తెలిస్తే నవ్వుతరు. పేపర్ల వస్తే నవ్వరు. అచ్చుల పడ్డదాన్ని చూసి ఎవడన్న నవ్వుతడా?" దారం మళ్లీ ఎక్కిస్తూ, "పేరు వద్దు తియ్. 'మా బాపు' అని రాయి, సాలు" అన్నాడు.

బాపుకు చదువు లేదు. సంతకం చేసేవాడు, బస్సు బోర్డులు కూడబలుక్కునేవాడు, అంతే. తన గురించి ఎవరైనా ఎక్కడైనా ఒక వాక్యం రాస్తారని ఆయన అంతకుముందు ఎన్నడూ అనుకుని ఉండడు. నేను సరేనన్నాను. రాశాను కూడా. మీసం దువ్వుకుంటూ గీత కొట్టడం, చలి జ్వరం, బీడీ, అంతా ఉన్నది ఉన్నట్టు రాశాను. అది నా జీవితంలో మొదటిసారి నిజంగా బాగా రాసిన రచన అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడనిపించలేదు. ఎందుకంటే దాన్ని నా తరగతి మిత్రుడికి చూపించాను. అతన్ని మేం 'విమర్శకుడు' అనేవాళ్లం. ఒక్క పంక్తి రాసి ఎరుగడు గానీ, అందరి రచనల్లో తప్పులు చూపేవాడు. చదివి పడీపడీ నవ్వాడు. "మీ బాపు బొంత కుట్టుడేంది బే! ఎవడు నమ్ముతడు? అమ్మను పెట్టు. ఏడుపు పెట్టు. రేపే వేసుకుంటరు" అన్నాడు.

నేను ఇంటికొచ్చి బాపును తీసేసి అవ్వను పెట్టాను. మీసం ఉన్నచోట కొంగు పెట్టాను. సుద్ద దారం తీసేసి కన్నీటి ధార పెట్టాను. మాకు కరెంటు ఉన్నా కిరసనాయిలు దీపం వెలిగించాను. అవ్వ వేలికి సూది గుచ్చి నెత్తురు తెప్పించాను. ఇదంతా ఒక మధ్యాహ్నంలో, నిద్రపోతున్న బాపుకు నాలుగడుగుల దూరంలో కూర్చుని చేశాను. ఒక వారపత్రికకు పోస్టులో వేసి వచ్చాక బాపు అడిగాడు: "పంపినవా? మంచిగ రాసినవా నా ముచ్చట?"

"మంచిగ రాసిన బాపు" అన్నాను. అచ్చయ్యేది ఉందా పెట్టేది ఉందా, పన్నెండోది కూడా తిరిగొస్తుందిలే అనుకున్నాను.

తిరిగి రాలేదు. ఆరు వారాలకు ఆ వారపత్రికలో అచ్చయింది. నేను దుకాణంలో చూసి, కొని, చొక్కా లోపల దాచుకుని ఇంటికొచ్చేసరికి ఆ వార్త నా కంటే ముందే వచ్చేసింది. లైనుకు పెద్ద దిక్కయిన మనిషిని అందరం పెద్దమ్మ అనేవాళ్లం. పంపు దగ్గర ఎవరి బిందె ఎప్పుడు నిండాలో ఆమె చెప్పినట్టే జరిగేది. ఆ పెద్దమ్మ మరో పదిమంది ఆడవాళ్లతో మా గడప ముందు చాప వేసుకుని కూర్చుని ఉంది. బాపు అప్పటికి కట్టు విప్పించుకుని కర్ర సాయంతో నడుస్తున్నాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. పండుగకు కూడా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకోవడం నేను చూడలేదు.

"ఏం పిలగా! నీ పేరు అచ్చుల పడ్డదట. చదువు, ఇందం" అంది పెద్దమ్మ.

"మల్ల చదువుత పెద్దమ్మ, తల నొస్తుంది."

"నా బిడ్డ మొగడు నీ పేరు చూసి పేపరు తెచ్చి ఇంటికాడ పెట్టిండు. నువ్వు చదవకుంటే ఆయనను పిలుస్త."

దారులన్నీ మూసుకుపోయాయి. చదవడం మొదలుపెట్టాను. మొదటి వాక్యంలోనే 'మా అవ్వ' వచ్చింది. బాపు ముఖంలోని నవ్వు అట్లాగే ఉంది. తన వంతు తర్వాత వస్తుందనుకున్నాడు. దీపం దగ్గరకు వచ్చేసరికి అవ్వ, "మనింట్ల బలుబు ఉన్నది గదరా, గాసునూనె దీపమేంది?" అంది. నెత్తురు దగ్గరకు వచ్చేసరికి పెద్దమ్మ అవ్వ చేయి పట్టుకుని వేళ్లన్నీ తిప్పి చూసింది. ఏ వేలికీ ఏమీ లేదు. ఐదో 'అవ్వ' దగ్గర నేను తల ఎత్తి చూస్తే బాపు నవ్వడం లేదు. తన చేతులు ముందుకు చాపి, బొటనవేలి మీద దబ్బనం ఒరుసుకుని కాయగట్టిన చోటును చూసుకుంటున్నాడు. నాకు అక్కడే ఆపేయాలనిపించింది. ఆపకుండా చదివాను. అప్పుడు వచ్చింది ఆ వాక్యం.

"నాలుగు వరసలు పూర్తి కాగానే మా అవ్వ గోడకు ఒరిగి, ఒక బీడీ ముట్టించి, పొగ వదులుతూ తన పనిని తృప్తిగా చూసుకునేది."

అన్నీ మార్చాను. అది మరిచిపోయాను. (పత్రికవాళ్లకైనా అనుమానం రావాల్సింది. బొగ్గు గనుల దగ్గరి అవ్వలు అలాగే ఉంటారనుకుని ఉంటారు.)  పెద్దమ్మ అవ్వ వైపు మెల్లగా తిరిగింది.

"ఓ చెల్లె, మీ తల్లిగారి మెట్‌పల్లి దిక్కు ఆడోళ్లు బీడీలు చేస్తరని తెల్సు గని, తాగుతరని తెల్వదమ్మా!"

చాప మొత్తం ఘొల్లుమంది. అవ్వ లేచి నిలబడి, "నేనెన్నడు బీడీ తాగిన్రా, సచ్చినోడా! గీ బొంత నేనెన్నడు..." అని, నాలుక కరుచుకుని ఆగిపోయింది. ఇంటి రహస్యం నోటి చివరిదాకా వచ్చి ఆగింది. పెద్దమ్మ కళ్లు చిన్నవయ్యాయి. "ఏమన్నవ్? నువ్వు కుట్టలేదా? మరి పోరడు ఉత్తుత్తగ రాసిండా? అచ్చుల అబద్ధాలు ఏపిచ్చిండా?"

అందరూ నన్ను చూశారు. నేను పత్రిక మడతలు సరిచేశాను. అప్పుడు బాపు కర్రతో నేల మీద కొట్టాడు.

"ఆగుండ్రి! నా కొడుకు అబద్ధం రాయలే. బీడీ తాగింది ఎవలు? నేను. బొంత కుట్టింది ఎవలు? నేనే. వాడు నా మీదనే రాసిండు. గా పేపరోళ్లు బాపును తీసి అవ్వను పెట్టిన్రు, బీడీ తీసుడు మర్సిన్రు. గంతే!" నా వైపు తిరిగి, "అంతేనారా?" అన్నాడు.

ఆ కళ్లల్లో నాకు సందేహం కనిపించలేదు. కనిపించి ఉంటే బాగుండేది. మూడు నెలలు తలుపుకు గడియ వేసి దాచుకున్న సంగతిని, నా మాట పోకూడదని పదిమంది ముందు పెట్టేశాడు ఆయన. నేను తల ఊపాను. ఊపి ఊరుకోలేదు, "అవును బాపు, వాళ్లే మార్చిన్రు" అని గట్టిగా కూడా అన్నాను.

తర్వాత జరగాల్సిందే జరిగింది. వారం రోజులు బాపు ఎదురుపడితే షిఫ్టువాళ్లు చేతులతో కుట్టినట్టు ఆడించేవారు. "అన్నా, జర నా అంగీకి గుండీ పెడ్తవా?" అనేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. పెద్దమ్మ మాత్రం బొంతను గుమ్మంలో వెలుగుకు పట్టి, వరసలన్నీ వేలితో తడిమి చూసి, మరునాడు తన కూతురి కాన్పుకోసమని చీరెల మూట తెచ్చి బాపు ముందు పడేసింది. "ఏందో అనుకున్న గని, నీ చేతిల పని ఉన్నది మరిది" అంది. ఆ తర్వాత మా ఇంట్లో తలుపు తీసిపెట్టే కుట్టేవాడు. లైనులో చాలా ఇళ్లలో బాపు బొంతలు పిల్లలను కప్పాయి. ఇదంతా ఆయనకు దక్కాల్సిందే, దక్కింది. దక్కనిది అచ్చులో 'మా బాపు' అన్న మాటొక్కటే.

"ఉత్తరం రాసినవా పేపరోళ్లకు? మల్ల సక్కగ వెయ్యమని?" అని కొన్నాళ్లు అడిగాడు. "రాసిన బాపు. జవాబు రాలే" అన్నాను. "ఏం మనుషులురా!" అన్నాడు. అప్పటి నుంచి ఆ పత్రికను మా గడప తొక్కనీయలేదు. ఎవరింట్లోనైనా కనిపిస్తే, "దాన్ల రాసేది నమ్మకుండ్రి, మొగోళ్లను ఆడోళ్లను చేస్తరు" అని హెచ్చరించేవాడు. అవ్వ ఒక్కతే ఒకనాడు నాకు అన్నం వడ్డిస్తూ, "గానీ బిడ్డా, మీ బాపు మీసం తీసి నా కొంగు పెట్టాలని పేపరోళ్లకు ఎట్ల తోచిందిరా?" అంది. నేను ఇంకొంచెం పప్పు వేయమన్నాను.

ఏనాడో మూతపడ్డ ఆ పత్రికలో అక్షరాలు కూర్చిన మనుషులు ఎవరో నాకు తెలియదు. ఏ పాపం ఎరుగని వాళ్లు ముప్పై ఏళ్లకు పైగా మా ఇంట్లో తిట్లు తిన్నారు. వాళ్లను క్షమాపణ కోరుతున్నాను. బొంత కుట్టింది మా బాపు. ఆయనను అచ్చులోంచి తీసేసింది నేను.

ఇది రాసి, పంపే ముందు, మొన్న బాపుకు చదివి వినిపించాను. ఇప్పుడాయనకు డెబ్బై అయిదు దాటాయి. బీడీ మానేశాడు, చెవి కాస్త మందగించింది, కాబట్టి గట్టిగా, ఒక్క ముక్క వదలకుండా చదివాను. నా తప్పు ఒప్పుకున్న చోట నా గొంతే నాకు వినిపించలేదు, అందుకని అక్కడ రెండుసార్లు చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.  తిడతాడేమో, తిడితే బాగుండుననుకుంటూ కూర్చున్నాను.

"మంచిగ రాసినవ్ బిడ్డా" అన్నాడు చివరికి. "గని జర ఫికర్ పెట్టు. గీసారి కూడ గా పేపరోళ్లు మారుస్తరేమో."

నేను ముఖంలోకి చూశాను. మీసం కింద ఏమైనా కదిలిందేమోనని వెతికాను, కనిపించలేదు. "మార్చరు బాపు, ఈసారి నేను చూసుకుంట" అన్నాను. చొక్కా లోపల పత్రిక దాచుకుని ఆ లైను వెంట దొంగలా నడిచివచ్చిన పంతొమ్మిదేళ్ల రచయిత గుర్తొచ్చాడు. పాపం, తనను అంతగా నమ్మే పాఠకుడు మళ్లీ దొరకడని వాడికి అప్పుడేం తెలుసు!