రెండు పటాల కాపరి

మీరు జీవితంలో ఒక్కసారైనా ఓడిపోయుంటారు. గెలిచి కూడా ఉంటారు. ఒకే ఆటలో, ఒకే పొద్దు, రెండు ఊర్లల్లోనూ ఓడిపోయినోణ్ణి మాత్రం చూసుండరు. సూడండి, నేనే ఆ మహానుభావుణ్ణి. పేరు చెంగల్రాయుడు. ఎనభైల మొదట్లో ఇరవైరెండేళ్ల వయసులో నేను చేసిన ఘనకార్యానికి బంగారుపాళ్యెం మామిడికాయల మండీలో ఇంకా నవ్వుతానే ఉండారు.

అప్పుడు నేను ఆ మండీలో కాటా గుమాస్తాను. మామిడికాయల సీజన్ వచ్చిందంటే మా మండీకీ చిత్తూరు మండీకీ పులిజూదం పోటీ. మా పటం మా అరుగు మీద, వాళ్ల పటం వాళ్ల అరుగు మీద. మధ్యలో బస్సు. మా ఎత్తు పొద్దున బస్సులో చీటీగా పోతాది, వాళ్ల ఎత్తు సాయంత్రం బస్సులో చీటీగా వస్తాది. కండక్టరు మునస్వామి ఆ చీటీని టిక్కెట్ల సంచిలో పెట్టుకోని పోయేవాడు. పటంలో చుక్కలకు రెండు చోట్లా ఒకటే అంకెలు. పులి యాడుండాదో, మేక యాడుండాదో అంకె చెప్తే చాలు.

మూడు పులులు వాళ్లవి. పదిహేను మేకలు మావి. పులులు అయిదు మేకల్ని తింటే వాళ్ల గెలుపు, మూడు పులుల్నీ కదలకుండా మూసేస్తే మా గెలుపు. మేకలంటే చింతపిక్కలే, కానీ ఒక్కో పిక్క ఒక్కో మనిషిది. పిక్క మీద సున్నంతో ఎవడి గుర్తు వాడు పెట్టుకుంటాడు. యా మేకను యాడికి జరపల్లో చెప్పేది మాత్రం ఒక్కడే, కాపరి. మా కాపరి గురవప్ప తాత. ఏండ్ల తరబడి ఆయనే. పంతం ఏందంటే, ఓడిన పక్క కాపరి నిజం మేకను తాడు కట్టి, గెలిచిన ఊరి బజార్లో తానే నడిపించుకోని పోవల్ల. గురవప్ప తాత ఒక్కసారి కూడా అట్ల పోలేదు.

ఇంకొక కట్టుబాటు ఉండాది. నన్ను నాశనం చేసింది అదే. ఎవడి మేకను పులి తింటాదో, వాడు ఆ సీజనంతా ఆట దగ్గర నోరు తెరవగూడదు. నాకు అన్నం లేకపోయినా ఫర్వాలేదు, మాట లేకపోతే కడుపుబ్బి సస్తాను. ఈ సంగతి మా అమ్మకు తెలుసు, ఊరికి తెలుసు, ఆ దేవుడికీ తెలుసు. గురవప్ప తాతకు మాత్రం పట్టలేదు.

ఒకరోజు పొద్దున్నే అన్నాడు, “చెంగా, రాయి. తొమ్మిదిలో ఉండే నీ మేకను పదకొండుకు జరుపుతాండాం.”

“తాతా! పదకొండుకు పోతే పులి తినేస్తాది!”

“తినల్లనే గదరా పంపేది. దాన్ని తిని ముందుకొస్తే ఎనక నుంచి మూసేస్తాం.”

“మండీలో ఇంతమంది ఉండారు, నా మేకే దొరికిందా నీకు?”

“నీ మేక పోతే ఆట బాగుపడతాది, అరుగు మీద శబ్దమూ తగ్గతాది. రెండు లాభాలు,” అన్నాడు. అందరూ పగలబడి నవ్వినారు.

నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు ఒక చిన్న సంగతి. తాతకు చదువు రాదు. చీటీ రాసేది నేను, వచ్చిన చీటీ చదివేది నేను. కాపరి చెప్పింది చెప్పినట్టు రాయల్లని కట్టుబాటు. నేనేం చేసినానంటే, మా పటం మీద నా పిక్కను పదకొండుకు జరిపినాను. చీటీలో మాత్రం, “అయిదులో ఉండే మేక ఆరుకు,” అని రాసి మునస్వామి చేతిలో పెట్టినాను. ఆ అయిదులో ఉండేది మా సుబ్బన్న మేక. పాపం, సుబ్బన్న ఎట్లాగూ మాట్లాడేవాడు కాదు.

సాయంత్రం చీటీ వచ్చింది. చిత్తూరు పక్క పులుల పెద్ద ఏకాంబరం శెట్టి రాసినాడు, “ఆరులో మేకను తినేసినాం.” అప్పుడు తెలిసొచ్చింది నాకు. మా పటం మీద ఆరులో మేకే లేదు! చుట్టూ పద్నాలుగు మంది నా నోటికల్లే చూస్తాండారు.

“చదవరా!”

“పులి... పులి మూడు నుంచి నాలుగుకు పోయింది తాతా.”

తాత నోరు తెరిచినాడు. “ఎదురుగా పెట్టిన మేకను వదిలేసి ఎనక్కి పోయినాడా? శెట్టికి కండ్లు కనపడలేదా ఏందప్పా!”

ఆ పొద్దు నుంచి నా బతుకు రెండు పటాలైపోయింది. అరుగు మీద ఒక ఆట. చిత్తూర్లో ఇంకొక ఆట. చిత్తూరు ఆట మర్చిపోకుండా కాటా కింద గోనెసంచి మీద బొగ్గుతో పటం గీసి, మామిడికాయల తొడిమలు మేకలుగా పెట్టుకున్నాను. కాయలు తూచేటప్పుడు ఒక కన్ను ముల్లు మీద, ఒక కన్ను గోనె మీద. తాత చెప్పే ఎత్తు చిత్తూరు పటానికి పనికిరాదు, శెట్టి ఎత్తు మా పటానికి పనికిరాదు. అందుకని ఆడ మేకలూ నేనే, ఈడ పులులూ నేనే. ఆడ నా మేకలు ఒక్కొక్కటే పులి నోట్లో పడతాండాయి. ఈడ నా పులులు మాత్రం చెప్పిన మాట ఇంటాండాయి.

అంతటితో మూసుకోని ఉంటే బాగుండు. నా నోరు ఊరుకుంటాదా?

“తాతా, నా మాట ఇను. రేపు పులి పదికి వస్తాది సూడు.”

“నీకెట్ల తెలుసురా?”

“నా మనసుకు తోస్తాండాది.”

మర్నాడు పులి పదికి వచ్చింది. రాకేం, చదివేది నేనే గదా! మూడోసారి నా మాట నిజమయ్యేసరికి మండీలో వాళ్లు కాయలు వదిలేసి నా చుట్టూ మూగినారు. “చెంగడికి శెట్టి మనసు తెలుస్తాందిరో!” అన్నారు. గురవప్ప తాత లేసి నిలబడినాడు. తన తలగుడ్డ ఇప్పి నా తలకు చుట్టినాడు.

“నాకు వయసైపోయిందిరా. పులి మనసు తెలిసినోడే కాపరి కావల్ల. ఇంక నువ్వే.”

ఆయన కండ్లల్లో నీళ్లు. నాకు నిజంగా సిగ్గేసింది. ఆ నిమిషంలోనే కాళ్ల మీద పడి అంతా చెప్పేసుంటే ఈ కథ ఉండదు. కానీ తలగుడ్డ బాగుంది. చల్లగా, పెద్దరికంగా ఉంది. ఊరుకున్నాను.

వారం తిరక్కుండానే మా పటం మీద మూడు పులులనూ కదలకుండా మూసేసినాం. మండీ అదిరిపోయింది. అదే సాయంత్రం శెట్టి చీటీ, “అయిదో మేకా పోయింది. లెక్క ప్రకారం మీరు ఓడినారు. మేకను తోలుకోని రా.” ఆలోచించి, ఆలోచించి, శెట్టికి రాసినాను, “శుక్రవారం మీరే మా ఊరికి రండి. మేకను ఈడే మర్యాదగా అప్పజెప్తాం.” మావాళ్లకు మాత్రం శెట్టి రాసినట్టు చదివి వినిపించినాను, “ఓడినాం. మేకను తోలుకోని శుక్రవారం వస్తాండాం.” వాళ్లు రావడమొకటి జరిగితే, తక్కినది ఎట్లైనా సర్దుకుంటాదనుకున్నాను. ఎట్ల సర్దుకుంటాదో మాత్రం ఆలోచించలేదు.

శుక్రవారం బస్టాండులో మావాళ్లు పలక డప్పులు కొడతాండారు. చేతిలో మేకను కట్టేందుకు కొత్త తాడు. బస్సు దిగినారు శెట్టి, ఆయన మనుషులు పదిమంది. వాళ్ల చేతిలో కూడా కొత్త తాడు.

“ఏమప్పా గురవప్పా, మేక యాడ?” అన్నాడు శెట్టి.

“అది మేము అడగల్ల. తెచ్చేది నువ్వు గదా!”

“నేనెందుకు తెస్తాను? గెలిచింది మేము!”

“మూడు పులులూ మూసేస్తే గెలిచేది మీరెట్లప్పా?”

“నా పులుల్ని మూసినారా? ఎవురు? ఎప్పుడు?”

రెండు తాళ్లుండాయి, ఒక్క మేక లేదు. శెట్టి మండీ మనిషి కదా, చీటీ అనేదాన్ని పారేయడు. మా చీటీలన్నీ ఇనపకమ్మీకి గుచ్చి తెచ్చినాడు. సుబ్బన్నతో చదివించినారు. మొదటి చీటీలకు తల ఊపిన తాత, మేక ఆరుకు పోయిన చీటీ కాడ్నించి ఒక్కోదానికీ, “నేను చెప్పలే. ఇదీ చెప్పలే,” అన్నాడు. ఆఖరి చీటీ అయ్యేసరికి పలకలు ఆగిపోయినాయి. అందరూ నాకల్లే తిరిగినారు. రెండు పటాల మీదా నా మేక బతికే ఉండాది, మాట్లాడే హక్కుండాది, నేను మాత్రం తలగుడ్డను ముక్కు దాకా లాక్కున్నాను.

గురవప్ప తాత కోపం చేసుకుంటాడనుకున్నాను. ఆయన నిదానంగా అడిగినాడు, “మా పక్క కాపరి ఎవురురా?”

“నేనే తాతా.”

“శెట్టీ, మా అరుగు మీద నీ పులుల్ని ఆడించింది ఎవురు?”

“వీడే గదప్పా!”

“అయితే ఈడ ఓడిన నీ పక్క పెద్ద కూడా వీడే. ఆడ ఓడిన మా కాపరీ వీడే. ఒక మేకను తోలుకోని చిత్తూరు బజార్లో తిరగమను. మళ్లీ దాన్నే తోలుకోని మన బజార్లో తిరగమను.”

శెట్టి పొట్ట పట్టుకోని నవ్వినాడు. ఆ నవ్వుతోనే తీర్పయిపోయింది. నేను తలగుడ్డ ఇప్పి తాత చేతికి ఇయ్యబోతే తీసుకోలేదు. “ఉంచుకో. వచ్చే సీజనుకూ నువ్వే కాపరివి. ఓడితే నడిచేదానికి అలవాటుపడినోడు ఒకడు కావల్ల.”

మా అమ్మ పెంచుకునే మేకను పట్టుకోని నడిచినాను. ఒకరోజు ఆ పక్కకు, మర్నాడు ఈ పక్కకు. చిత్తూరు బజార్లో ఎవరో అడిగినారు, “ఎవురు గెలిచినారు నాయనా?” నాకంటే ముందు మేకే అరిచింది.

కాబట్టి చదివే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తాండా. ఇక మీద ఎవరి చీటీ అయినా ఉన్నదున్నట్టు చదువుతాను, చెప్పింది చెప్పినట్టు రాస్తాను. పులి నన్నే తింటానని రాసినా సరే, గట్టిగా చదివి, చెప్పిన చుక్కలో పోయి కూర్చుంటాను.